కనపడని కాలువలో ఫైల్ నడపడం ఎలా నేర్పాలి?

రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్లను ఏం చేశారని అడిగితే రెండు మాటలు చెబుతారు: నరం తీశారు, క్యాప్ వేశారు. ఆ రెండింటికీ మధ్య డాక్టర్ ఎక్కువసేపు తలవంచుకుని చేసే పని ఒకటుంది. పంటి వేరు లోపలి సన్నటి కాలువను ఫైళ్లతో, అంటే గరుకు సూదుల్లాంటి పరికరాలతో గీకి, మందునీళ్లతో కడిగి, గుట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థం నింపడానికి వీలైన ఆకారానికి తేవడం. పుస్తకాల్లో దీన్ని క్లీనింగ్ అండ్ షేపింగ్ అంటున్నారు. మన కాలేజీల్లో మాత్రం బయోమెకానికల్ ప్రిపరేషన్ అనే పాత పేరే కుదించి 'బీఎంపీ' అంటారు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కనున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్లినా, ఊరి బయట ఏ ప్రైవేటు కాలేజీకి వెళ్లినా "కేసు ఎంతవరకు వచ్చింది?" అంటే "యాక్సెస్ అయిపోయింది మేడమ్, బీఎంపీ నడుస్తోంది" అనే వినిపిస్తుంది. యాక్సెస్ అంటే కాలువ దాకా పంటిని తెరవడం.

డెంటల్ విద్యార్థికి నేర్పడానికి ఇంతకన్నా కష్టమైన పనులు చాలా తక్కువ. కాలువ సన్నగా ఉండటం ఒక్కటే దీనికి కారణం కాదు. కేవిటీ తవ్వడం నేర్పేటప్పుడు టీచర్ అద్దంలో చూసి, ప్రోబ్ పెట్టి, "ఈ గోడ వాలింది, సరిచెయ్" అనగలరు. కాలువలో ఆ వీలు లేదు. ఫైల్ కొస ఎక్కడుందో విద్యార్థికి కనపడదు, పక్కన నిలబడ్డ టీచర్‌కి అసలే తెలియదు. మైక్రోస్కోప్ ఉన్నా వంపు దగ్గర చూపు ఆగిపోతుంది. ఎక్స్‌రే తీస్తే ఒక నీడ కనిపిస్తుంది, అదీ పని జరిగిపోయాక. పని జరుగుతున్నంతసేపూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న ఆ ప్లాస్టిక్ పిడి ఏం చెబితే అదే సమాచారం.

ఈ ఇబ్బందిని దాటడానికి మన బోధన అంకెలను నమ్ముకుంది. ఫలానా నంబర్ ఫైల్, ఫలానా పొడవు, మధ్యలో ఇన్నిసార్లు కడగాలి. అంకెలైతే బోర్డు మీద రాయొచ్చు, వైవాలో అడగొచ్చు, రికార్డు దిద్దొచ్చు. దాంతో విద్యార్థి స్టెప్-బ్యాక్, క్రౌన్-డౌన్, బ్యాలెన్స్‌డ్ ఫోర్స్ అని మూడు నాలుగు పద్ధతులను వరుస తప్పకుండా అప్పజెబుతాడు. కానీ అవి ఏ ఇబ్బంది వచ్చినందుకు పుట్టాయో అడిగితే తడబడతాడు. అందుకే ఇక్కడ ఇబ్బందుల నుంచి మొదలుపెడదాం. పద్ధతులు వాటి వెనకే వస్తాయి.

ముందు ఆకారం, తర్వాతే పద్ధతి

1974లో హెర్బర్ట్ షిల్డర్ అనే అమెరికన్ నిపుణుడు కాలువ చివరికి ఎలా ఉండాలో వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. అందులో చెప్పింది స్థూలంగా ఇది. కాలువ పైనుంచి కిందిదాకా ఎక్కడా మెట్టు లేకుండా సన్నబడుతూ పోవాలి. అన్నిటికన్నా ఇరుకైన చోటు వేరు కొస దగ్గరే ఉండాలి. సహజంగా ఉన్న వంపు అలాగే మిగలాలి. వేరు చివరి రంధ్రం ఉన్న చోటు నుంచి జరగకూడదు, అనవసరంగా పెద్దదీ కాకూడదు. యాభై ఏళ్లు దాటినా ఈ లక్ష్యాలు మారలేదు. ఇందులో ఎక్కడా ఫైల్ నంబర్ లేదన్నది గమనించాలి. ఆయన చెప్పింది చేరాల్సిన ఆకారం గురించి. దాన్ని చేరే దారులు తర్వాతి దశాబ్దాల్లో చాలా వచ్చాయి, ఇంకా వస్తున్నాయి.

గరాటు ఆకారమే ఎందుకంటే, కడిగే సూది లోతుకు దిగాలంటే పైన చోటు కావాలి. గుట్టాపెర్చాను నొక్కినప్పుడు అది బయటికి జారిపోకుండా ఆగాలంటే కింద ఇరుకు కావాలి. ఇది అర్థమైన విద్యార్థికి మిగతాది సగం తేలికవుతుంది.

అడ్డం వచ్చేది వంపు. పంటి వేర్లు నిటారుగా ఉండటం అరుదు. పై ముందు పళ్లలో పక్కది, అంటే లేటరల్ ఇన్సైజర్, చూడటానికి అమాయకంగా ఉంటుంది గానీ దాని వేరు కొస చాలాసార్లు వెనక్కి తిరిగి ఉంటుంది. కింది దవడ మొదటి మోలార్‌లో, అంటే వెనకుండే నమిలే పన్నులో, ముందువైపు వేరు సంగతి చెప్పనక్కర్లేదు. 1971లో ష్నైడర్ అనే పరిశోధకుడు ఎక్స్‌రే మీద ఈ వంపును డిగ్రీల్లో కొలిచే తేలిక విధానం ఇచ్చారు: 5 డిగ్రీల లోపు నిటారు, 10 నుంచి 20 మధ్యస్థం, 25 దాటితే తీవ్రం. కేసు మొదలుపెట్టే ముందు ఈ కోణం గీయించడం మంచి అలవాటు. అయితే ఎక్స్‌రేలో కనిపించేది ముందు వెనకల వంపే. చెంపవైపుకో నాలుకవైపుకో తిరిగిన వంపు ఫిల్మ్ మీద నిటారు గీతలాగే పడుతుంది.

స్టీల్ ఫైల్ స్వభావం నిటారుగా ఉండటం. వంపు తిరిగిన గల్లీలోకి పొడవాటి నిచ్చెన మోసుకెళితే దాని నడుము లోపలి మూలను రాసుకుంటుంది, ముందు కొస ఎదురు గోడను గీరుతుంది. వంపు కాలువలో ఫైల్ చేసేదీ అదే. వంపు నడిమిలో లోపలి గోడ అరుగుతుంది, కొస దగ్గర బయటి గోడ అరుగుతుంది. కొస బయటి గోడలో సొంతంగా ఒక మెట్టు తవ్వుకుంటే లెడ్జ్. చివరి రంధ్రాన్ని కోలగా చీల్చేస్తే జిప్, దానికి కాస్త పైన మిగిలే ఇరుకు ఎల్బో. వంపు నడిమిలో లోపలి గోడ అరిగి అరిగి చిల్లు పడితే స్ట్రిప్ పర్ఫరేషన్. వైవాలో నాలుగు విడివిడి ప్రశ్నలుగా అడిగే ఈ తప్పులన్నిటికీ మూలం ఒక్కటే, ఫైల్ నిటారు కావాలని చూడటం. పద్ధతుల చరిత్రంతా ఈ స్వభావాన్ని లొంగదీసుకునే ప్రయత్నమే.

10 నుంచి 15కి వెళ్లడంలో ఏముంది?

ఒకప్పుడు ఒక్కో కంపెనీ ఫైల్ ఒక్కో కొలతలో వచ్చేది. 1958లో ఇంగిల్, లెవీన్ అనే ఇద్దరు వీటికి ఒక ప్రమాణం ప్రతిపాదించారు. ఇప్పుడు మనం వాడే స్టీల్ ఫైళ్లన్నీ ఆ లెక్క నుంచి వచ్చినవే. ఫైల్ మీద 25 అని ఉంటే కొస దగ్గర వ్యాసం 0.25 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి పైకి మిల్లీమీటరుకు 0.02 చొప్పున లావవుతుంది. ఫైల్ మీద గీకే గాట్లున్న భాగం పొడవు 16 మిల్లీమీటర్లు కాబట్టి దాని పైభాగం 0.57 ఉంటుంది. పిడి రంగులు: 10 ఊదా, 15 తెలుపు, 20 పసుపు, 25 ఎరుపు, 30 నీలం, 35 ఆకుపచ్చ, 40 నలుపు. ఇంతవరకు అందరూ చదువుతారు.

చదవనిది ఈ అంకెల మధ్య దూరం. 10 నుంచి 15కి, 15 నుంచి 20కి, 20 నుంచి 25కి పెరిగేది ప్రతిసారీ 0.05 మిల్లీమీటర్లే. చూడటానికి సమానంగా ఉన్నా ఉన్నదాని మీద ఎంత పెరిగిందో చూస్తే 10 నుంచి 15కి సగానికి సగం, అంటే 50 శాతం పెరుగుదల. 20 నుంచి 25కి 25 శాతం. 55 నుంచి 60కి 9 శాతమే. లావు పెరిగితే బిగువు ఇంకా వేగంగా పెరుగుతుంది. గుండ్రటి కడ్డీ బిగువు దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుంది. అంటే కొస దగ్గర లెక్కేస్తే 15 నంబర్ ఫైల్ 10 కంటే దాదాపు 5 రెట్లు బిరుసు. వంగే ఫైల్‌తో వెళ్లిన దారిలో వంగని ఫైల్‌ను పంపుతున్నామన్నమాట.

ల్యాబ్‌లో ఇది ఇలా కనిపిస్తుంది. 10 ఫైల్ హాయిగా పూర్తి పొడవుకు చేరుతుంది. విద్యార్థి ఊపిరి పీల్చుకుని 15 తీస్తాడు. అది ఒక మిల్లీమీటరు ముందే ఆగిపోతుంది. రికార్డులో 15 కూడా 20 మిల్లీమీటర్లకు చేరాలని రాసి ఉంది కాబట్టి నొక్కుతాడు. లెడ్జ్ అక్కడే పుడుతుంది. అది పుట్టిన సంగతి అతనికి రెండు ఫైళ్ల తర్వాత గానీ తెలియదు.

"ఫోర్స్ పెట్టకు బాబూ" అంటే సరిపోదు, బదులుగా ఏం చేయాలో చెప్పాలి. మొదట 10 దగ్గరే ఇంకాసేపు ఉండాలి. అది ఏ పట్టూ లేకుండా పైకీ కిందికీ జారేంత వదులయ్యేదాకా. దీన్నే గ్లైడ్ పాత్ అంటున్నారు. తర్వాత 15 ఫైల్ కొసను ఎక్స్‌రేలోని వంపు ప్రకారం కొద్దిగా వంచి, స్టాపర్ (ఎంత లోతుకు దిగాలో చూపేందుకు ఫైల్‌కు తొడిగే రబ్బరు బిళ్ల) మీది గుర్తును ఆ వంపు వైపు తిప్పి దింపాలి. అప్పటికీ దిగకపోతే మధ్య సైజులు దొరుకుతాయి, 12 లాంటివి. అవి లేని చోట పాత తరం టీచర్లు ఒక చిట్కా చెప్పేవారు: 10 ఫైల్ కొసను ఒక మిల్లీమీటరు కత్తిరించి, అంచు నునుపు చేస్తే అది 12 అవుతుంది. మిల్లీమీటరుకు 0.02 పెరుగుతుందన్న లెక్క అర్థమైందా లేదా అని పరీక్షించడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు దొరకలేదు.

ఆగడం రెండు రకాలు

ఇక్కడ అంకెలు చెప్పలేనిది ఒకటుంది. ఫైల్ కిందికి దిగకుండా ఆగిందంటే అది రెండు రకాలుగా ఆగి ఉండొచ్చు. ఒకటి, ఇరుక్కుని ఆగడం. వెనక్కి లాగితే కాస్త పట్టుకున్నట్టు ఉంటుంది. అంటే ముందు కాలువ ఉంది, మన ఫైల్‌కన్నా సన్నగా ఉంది. ఇంకొకటి, దేనికో కొట్టుకుని ఆగడం. వెనక్కి లాగితే పట్టు ఏమీ ఉండదు, ఖాళీగా వచ్చేస్తుంది. అంటే కొస గోడకు తగులుతోంది. అది లెడ్జ్ కావచ్చు, గీకిన పొడి గడ్డకట్టి ఉండొచ్చు, లేదా కాలువ చటుక్కున పక్కకు తిరిగి ఉండొచ్చు. మొదటి రకానికి సన్న ఫైల్‌కు దిగి గడియారానికి కీ ఇచ్చినట్టు అటూ ఇటూ కొద్దిగా తిప్పడం మందు. రెండో రకానికి ఎంత తిప్పినా లాభం లేదు, తిప్పేకొద్దీ నష్టమే. బాగా కడిగి, సన్న ఫైల్ కొసను వంచి, దారి కోసం చుట్టూ వెతకాలి.

ఈ తేడా వేలికి తెలియనివాళ్లకు ఏ పద్ధతి నేర్పినా ఫలితం ఒకటే. అయినా రోగుల దగ్గరికి పంపే ముందు సాధన చేయించే మన ప్రీక్లినికల్ ల్యాబుల్లో దీనికంటూ ఒక ఎక్సర్‌సైజ్ సాధారణంగా ఉండదు. పెట్టడం కష్టమేమీ కాదు. టీచర్ ముందే, కాలువ ఉన్న సాధన ప్లాస్టిక్ బ్లాకులు తీసుకుని కొన్నింట్లో లెడ్జ్ చేసి, కొన్నింట్లో పొడి కుక్కి, కొన్నింటిని అలాగే వదిలేసి, అన్నిటికీ నల్ల కాగితం చుట్టి ఇవ్వొచ్చు. ఫైల్ దింపి ఏది ఏదో విద్యార్థి రాయాలి. తర్వాత కాగితం విప్పి చూసుకోవాలి. మార్కులు అక్కర్లేదు.

కింది నుంచి పైకా, పై నుంచి కిందికా?

స్టెప్-బ్యాక్ 1960ల చివర్లోనూ 70ల్లోనూ స్థిరపడిన పద్ధతి. ఉదాహరణకు వర్కింగ్ లెంగ్త్, అంటే ఫైల్ దిగాల్సిన పూర్తి పొడవు, 20 మిల్లీమీటర్లు అనుకుందాం. కొస భాగాన్ని 25 దాకా పూర్తి పొడవులో చేస్తారు. అక్కడి నుంచి 30ని 19 దగ్గర, 35ని 18 దగ్గర, 40ని 17 దగ్గర ఆపుతారు. ప్రతి మెట్టు తర్వాత 25తో మళ్లీ కిందిదాకా వెళ్లి పొడి చేరకుండా చూస్తారు. బిరుసు ఫైళ్లు వంపులోకి పోకుండా పైనే ఆగుతాయి కాబట్టి జిప్ తగ్గుతుంది. అసలు కిటుకు అదే.

దీంట్లో ఇంకో చిన్న లెక్క ఉంది. ఫైల్ తానుగా మిల్లీమీటరుకు 0.02 లావవుతుంది. కానీ మనం మిల్లీమీటరుకు ఒక సైజు చొప్పున వెనక్కి వస్తున్నాం కాబట్టి కాలువ మిల్లీమీటరుకు 0.05 చొప్పున వెడల్పవుతుంది. అర మిల్లీమీటరు చొప్పున వెనక్కి వస్తే 0.10. అంటే గరాటు వాలు ఫైల్‌లో లేదు, మన మెట్టు పొడవులో ఉంది. ఈ ఒక్క ముక్క చెబితే "ఒక మిల్లీమీటరే ఎందుకు మేడమ్?" అని పిల్లలు తామే అడుగుతారు.

దీని ఇబ్బంది ఏమిటంటే పైభాగం ఇరుకుగా ఉండగానే కొస పని మొదలుపెడతాం. ఫైల్ పైనెక్కడో పట్టుకుంటే వేలు దాన్ని కొస దగ్గర పట్టు అనుకుంటుంది. కుళ్లిన పల్ప్ (నరం అని పిలిచే మెత్తటి భాగం), సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది పైభాగంలో, వాటిని ఫైల్ కిందికి తోస్తుంది. చివరకి పైభాగం వెడల్పయ్యాక వంపు కొంత నిటారై, మొదట కొలిచిన పొడవు కొద్దిగా తగ్గుతుంది. స్టాపర్ మాత్రం పాత పొడవు దగ్గరే ఉంటుంది. ఫైల్ వేరు దాటి బయటికి పొడుస్తుంది. మర్నాడు రోగి నొప్పితో తిరిగొస్తే కారణం ఇది కావచ్చు.

ఈ ఇబ్బందులకు జవాబే క్రౌన్-డౌన్. 1980లో ఒరెగాన్‌లో మార్షల్, పాపిన్ దీన్ని ప్రతిపాదించారు. పెద్ద సైజుతో పైనుంచి మొదలుపెట్టి, ఒత్తిడి లేకుండా ఎంత దిగితే అంతే, తర్వాత చిన్న సైజు, ఇలా కిందికి. పైన దారి తెరుచుకున్నాక వర్కింగ్ లెంగ్త్ కొలిస్తే అది తర్వాత పెద్దగా మారదు. కొస దగ్గర వేలికి తెలిసేది నిజంగా కొస సంగతే. నా మటుకు నాకు, మొదటిసారి కాలువ పట్టే విద్యార్థికి పైభాగం ముందు తెరవడమే సురక్షితం. కానీ ఇక్కడా ఒక మెలిక ఉంది. పైభాగం తెరవడానికి చాలామంది గేట్స్-గ్లిడెన్ డ్రిల్ అందుకుంటారు. కింది మోలార్ ముందువైపు వేరులో, రెండు వేర్లు చీలే వైపు గోడ చాలాసార్లు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. డ్రిల్ అటే ఒరుగుతుంది. అందుకే దాన్ని ఎప్పుడూ ఆ గోడకు దూరంగా, బయటి వైపుకు ఒత్తుతూ పైకి లాగమంటారు. యాంటీకర్వేచర్ ఫైలింగ్ అని 1980లోనే వచ్చిన మాట ఇది.

బ్యాలెన్స్‌డ్ ఫోర్స్‌ది వేరే దారి. 1985లో రోన్, ఆయన సహచరులు అడిగిన ప్రశ్న, ఫైల్‌ను తోసి లాగే బదులు తిప్పితే ఎలా ఉంటుంది? సవ్యదిశలో పావు చుట్టు తిప్పితే ఫైల్ డెంటిన్‌లోకి, అంటే కాలువ గోడలోని గట్టి పదార్థంలోకి దిగుతుంది. ఆ తర్వాత కిందికి కొద్దిగా ఒత్తి పట్టుకుని అపసవ్యంగా తిప్పితే డెంటిన్ తెగుతుంది. చివర్లో మళ్లీ సవ్యంగా తిప్పి పొడిని బయటికి తీస్తారు. చుట్టూ ఉన్న గోడలే ఫైల్‌ను మధ్యలో నిలబెడతాయి. వంపును నిలబెట్టడంలో స్టీల్ ఫైళ్లతో చేసే పద్ధతుల్లో ఇది మేలైనదని చాలా పరిశీలనలు చెప్పాయి. బోధనలో మాత్రం వెనకబడింది. ఎందుకంటే ఎంత ఒత్తాలన్నది మాటల్లో చెప్పలేం. టీచర్ విద్యార్థి వేళ్ల మీద తన వేళ్లు పెట్టి తిప్పి చూపాల్సిందే. ఇంత పెద్ద బ్యాచ్‌లో అందరికీ అలా చూపే ఓపిక, టైమ్ ఎవరికున్నాయి?

నిజానికి క్లినిక్‌లో ఎవరూ ఒక్క పద్ధతికి కట్టుబడరు. పైభాగం తెరిచి, కొస దగ్గర తిప్పి, మధ్యలో వెనక్కి వస్తూ గరాటు చేస్తారు. పరీక్షలో మాత్రం "ఏ పద్ధతి వాడావు?" అనే ప్రశ్నకు ఒకే పేరు చెప్పాలి.

మోటర్ వచ్చాక హ్యాండ్ ఫైల్ ఎందుకు?

ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది, న్యాయమైనదే. నికెల్-టైటానియం మిశ్రమాన్ని అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో విలియం బ్యూలర్ తయారుచేశారు. నిటినాల్ అనే పేరులో చివరి అక్షరాలు ఆ ల్యాబ్‌వే. పళ్ల క్లిప్పులకు వాడే నిటినాల్ తీగతో ఫైళ్లు చేసి చూశామని 1988లో వాలియా, ఆయన సహచరులు రాశారు. స్టీల్‌కన్నా రెండు మూడు రెట్లు వంగుతుంది, మళ్లీ తన రూపానికి వస్తుంది. అలా వంగే లోహం వల్లే ఫైల్‌ను మోటర్‌కు తగిలించి వంపులో గిరగిరా తిప్పడం సాధ్యమైంది. చాలా రకాలను నిమిషానికి 250 నుంచి 350 చుట్ల మధ్య వాడతారు. గరాటు వాలు కూడా ఫైల్‌లోనే ఉంటుంది కాబట్టి స్టెప్-బ్యాక్ లెక్కలు అక్కర్లేదు. 2008లో యారెడ్ ఒకే ఫైల్‌ను అటు ఎక్కువ, ఇటు తక్కువ తిప్పుతూ కాలువ మొత్తం చేయొచ్చని చూపారు. 2011 నుంచి అలాంటి ఫైళ్లు మార్కెట్లో ఉన్నాయి. తయారీలోనే వేడితో గుణం మార్చిన కొత్త రకాలు స్టీల్‌లా వంచితే వంగి ఉంటాయి కూడా.

కొత్త విద్యార్థులు కూడా వీటితో కాలువను తక్కువ సమయంలో, వంపు చెడకుండా చేస్తున్నారు. దీన్ని ఒప్పుకోకుండా "మా కాలంలో అన్నీ చేత్తోనే" అనడం మొండితనం. అయితే మోటర్ ఫైల్ ముందే ఉన్న దారిని వెడల్పు చేస్తుందే తప్ప లేని దారిని వెతకదు. 10, 15 ఫైళ్లు వదులుగా తిరిగిన చోటికే దాన్ని పంపాలి. పంపకూడని చోటికి పంపితే విరుగుతుంది. విరగడంలోనూ రెండు రకాలు. కొస ఇరుక్కున్నా మోటర్ తిప్పుతూనే ఉంటే మెలిపడి తెగుతుంది. వంపులో తిరిగి తిరిగి లోహం అలసిపోతే ఇరుక్కోకపోయినా తెగుతుంది. స్టీల్ ఫైల్ అయితే తెగే ముందు మెలికలు విప్పుకుని హెచ్చరిస్తుంది. నికెల్-టైటానియం ఫైల్ చాలాసార్లు ఏ గుర్తూ చూపకుండానే తెగుతుంది. అందుకే ఎన్ని కాలువలకు వాడామో లెక్క రాసుకోవాలి. కాలేజీల్లో ఒకే సెట్ చేతులు మారుతుంటుంది, ఆ లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, 20 దాకా చేత్తో చేయడం మీద ఇప్పుడు పెడుతున్నదానికి రెట్టింపు సమయం పెట్టాలి. 30, 35, 40, 45 అంటూ చేత్తో వెనక్కి వచ్చే గంటల్లో సగం తగ్గించి, అక్కడ మోటర్ నేర్పాలి. నైపుణ్యమంతా సన్న ఫైళ్లలోనే ఉంది. పెద్ద ఫైళ్లలో మిగిలేది చాలావరకు చాకిరీ.

దేని మీద నేర్చుకుంటారు?

రెండో ఏడాది వచ్చేసరికి తీసేసిన పళ్ల వేట మొదలవుతుంది. తెలిసిన క్లినిక్‌లలో డబ్బా ఇచ్చి "అన్నా, పళ్లు ఉంచండి" అని చెప్పి వస్తారు. దొరికేవాటిలో సగం జ్ఞానదంతాలు, వాటి వేర్లకు ఒక పద్ధతీ పాడూ ఉండదు. వాటిని ఎండనివ్వకుండా నీళ్లలో ఉంచాలి, వాడేముందు ఆటోక్లేవ్ చేయాలి, అంటే వేడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపాలి. వెండి సిమెంట్, అంటే అమాల్గమ్ ఉన్న పళ్లను మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, పాదరసం ఆవిరి వస్తుంది. వాటికి ఫార్మలిన్. ఈ సంగతి సీనియర్లు జూనియర్లకు చెప్పడం మర్చిపోయే మొదటి విషయం.

ప్లాస్టిక్ బ్లాకుల్లో కాలువ కనిపిస్తుంది, అందరికీ ఒకే వంపు వస్తుంది కాబట్టి పోల్చి చూడొచ్చు. కానీ డెంటిన్ గీకినప్పటి ఆ గరుకుదనం అందులో ఉండదు, మోటర్ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి ఫైల్‌కు అంటుకుంటుంది. ఇప్పుడు త్రీడీ ప్రింట్ చేసిన పళ్లు కూడా వస్తున్నాయి. నాకు వీటన్నిటికన్నా ఇష్టమైనది పాత పద్ధతి ఒకటి: పంటిని పారదర్శకంగా చేయడం. కాలువలోకి ఇంకు పంపి, 5 శాతం నైట్రిక్ యాసిడ్‌లో కొన్ని రోజులు ఉంచి, ఆల్కహాల్‌లో నీరు తీసేసి, మిథైల్ శాలిసిలేట్‌లో వేస్తే పన్ను గాజులా మారుతుంది. ల్యాబ్ మొత్తం నొప్పుల బామ్ వాసన వస్తుంది, ఎందుకంటే బామ్‌లో ఉండేదీ అదే. తాను ప్రిపేర్ చేసిన పన్నునే ఇలా చేసి చూసుకున్న విద్యార్థికి, ఎక్స్‌రేలో నున్నగా కనిపించిన కాలువ పక్కనే అంటని రెక్కలు, కొమ్మలు కనిపిస్తాయి.

కడగడం గురించి ఎంత చెప్పినా వినని పిల్లలు కూడా అది చూశాక వింటారు. 2001లో పీటర్స్, ఆయన సహచరులు మైక్రో-సీటీ అనే అతి సూక్ష్మ స్కానింగ్‌లో చూస్తే ఏ రకం ఫైల్ వాడినా కాలువ గోడలో 35 శాతం లేదా అంతకన్నా ఎక్కువ భాగాన్ని ఫైల్ తాకనే లేదు. తాకని చోట పని చేయాల్సింది కడిగే మందు సోడియం హైపోక్లోరైటే. ఫైల్ పని దానికి దారి వేయడం. 30 గేజ్ సూది వెలుపలి వ్యాసం దాదాపు 0.3 మిల్లీమీటర్లు. కాలువను ఎంత వెడల్పు చేయాలన్న ప్రశ్నకు ఒక జవాబు ఇక్కడే దొరుకుతుంది. సూది ఎక్కడా ఇరుక్కోకుండా పొడవుకు 2, 3 మిల్లీమీటర్ల పైదాకా దిగాలి. ఇరికించి నొక్కితే మందు వేరు దాటి కణజాలంలోకి పోయి ముఖం నిమిషాల్లో వాచిపోతుంది. ల్యాబ్‌లో మామూలు నీళ్లతో, అది కూడా గుర్తొచ్చినప్పుడు కడిగే అలవాటు పడిన చేయి రోగి దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా మారదు. పంటి చుట్టూ తొడిగి మిగతా నోటిని వేరుచేసే రబ్బరు పొర, రబ్బర్ డ్యామ్, విషయమూ అంతే. డ్యామ్, బిబ్ సరిగ్గా లేకపోతే మొదట తెలిసేది రోగి చీర మీదో చొక్కా మీదో తెల్ల మచ్చ పడినప్పుడు.

మార్కులు దేనికి వేస్తున్నాం?

నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్‌లో మన బీడీఎస్ విద్యార్థికి రోగి మీద చేతికొచ్చేవి ఎక్కువగా ఒకే వేరున్న ముందు పళ్లు. బయట ఏ దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో క్లినిక్‌లో చేరిన మొదటి వారంలో కుర్చీలో కూర్చునే రోగికి పుచ్చింది మాత్రం కింది మొదటి మోలార్. ఆరేళ్ల వయసులో వచ్చే పన్ను, శాశ్వత పళ్లలో చాలాసార్లు అన్నిటికన్నా ముందు పుచ్చేది అదే. లేటరల్ ఇన్సైజర్ లాంటివి వదిలేస్తే ముందు పళ్ల కాలువలు చాలావరకు నిటారుగానే ఉంటాయి కాబట్టి అక్కడ ఏ పద్ధతైనా పనిచేస్తుంది. పైన చెప్పిన తప్పుల్లో చాలావరకు అక్కడ జరగవు. అంటే పద్ధతి అవసరమయ్యే పన్ను మీద పద్ధతి పరీక్షకు రాదు.

పరీక్షలో చూసేది కూడా చివరి ఎక్స్‌రే. తెల్లటి గీత వేరు కొసకు 2 మిల్లీమీటర్లలోపు ఆగిందా, మధ్యలో ఖాళీలున్నాయా అన్నది. అది చూడాల్సిందే. కానీ లెడ్జ్ పక్కనుంచి తప్పించుకుని నింపినా, చెంపవైపు గోడ పలచబడినా ఆ గీత అందంగానే కనిపిస్తుంది. పైగా కోటా పూర్తి చేసే తొందరలో ఉన్న విద్యార్థి, ఇబ్బంది వచ్చిన కేసును పీజీకి అప్పజెప్పి తేలిక కేసు వెతుక్కుంటాడు. అతన్ని తప్పుపట్టలేం. మనం లెక్కపెట్టేది పూర్తయిన కేసులనే.

బదులుగా రికార్డు షీట్‌లో రెండు గడులు పెంచితే చాలు. ఏ ఫైల్ ఎక్కడ ఆగింది, అది ఏ రకం ఆగడం, ఏం చేశావు? పైభాగం తెరిచాక వర్కింగ్ లెంగ్త్ మళ్లీ కొలిచావా, ఎంత మారింది? ఈ రెండింటికీ జవాబులు రాసి ఉంటే, కేసు సగంలో ఆగినా మార్కులు వేయొచ్చు. వైవాలో ఎగ్జామినర్‌కి కూడా అడగడానికి అసలైన ప్రశ్న దొరుకుతుంది. పక్కవాళ్ల రికార్డు చూసి ఈ గడులు నింపడం కూడా కుదరదు, ఎందుకంటే ఏ రెండు వేర్లలోనూ ఫైల్ ఒకే చోట ఆగదు.